ఇరవై ఏడు ముక్కల పుస్తకం

అచ్చుయంత్రం కనిపెట్టిన మహానుభావుడు ఇవాళ బతికి ఉంటే, ఆ నర్సింగ్ కాలేజీ బైండరమ్మ దగ్గర జిగురు ఉడకబెట్టే పనికి కుదిరేవాడు. ఒక పుస్తకాన్ని వంద చేయడానికి ఆయనకు ఇనుము కావాల్సి వచ్చింది, సీసం కావాల్సి వచ్చింది, పీపాల కొద్దీ సిరా కావాల్సి వచ్చింది. ఈవిడ ఒక కత్తి, ఒక సూది, గిన్నెడు జిగురు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాల బెల్లుకీ సాయంత్రం బెల్లుకీ మధ్య ఒక పుస్తకాన్ని ఇరవై ఏడు పుస్తకాలు చేసింది. ఆ ఇరవై ఏడూ కలిసి తొంభై మందిని పరీక్ష గట్టెక్కించాయి. నమ్మకం లేకపోతే ఆ కాలేజీలో ఏ అమ్మాయినైనా అడగవచ్చు. అడిగిన కొద్దీ లెక్క పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఆవిడ గది లైబ్రరీ వెనక, మెట్ల కింద ఉంటుంది. లోపల నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. కాబట్టి ఎంతటి పెద్దమనిషైనా ఆవిడతో నడుం వంచే మాట్లాడాలి. కాలేజీ కట్టినవాళ్లు తనకు చేసిన మేలు అదొక్కటే అని ఆవిడ అంటుంది. ఒక బల్ల, దాని మీద చెక్క ప్రెస్సు, దబ్బనం, మైనం ముద్ద, దారం కండెలు, అట్టలు, ఎర్రటి క్యాలికో గుడ్డ చుట్ట. మూలన స్టవ్వు మీద మైదా జిగురు. పురుగు పట్టకుండా జిగురులో మైలతుత్తం కలుపుతుంది. అందుకే ఆవిడ వేళ్ల కొసలు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లు మాత్రం ఆవిడ ఒంట్లో పారేది రక్తం కాదనీ, సిరా అనీ చెబుతారు. రక్తపరీక్ష నేర్చుకునే రోజుల్లో పాపం ఒక అమ్మాయి సూది పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది కూడా.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి నాన్న ప్రెస్సులో అచ్చు కాగితాలను ఫారాలుగా మడవడానికి కూర్చున్న మనిషి ఆవిడ. పెళ్లయ్యాక కూడా ఆ పని వదల్లేదు, భర్త పోయాక అదే తిండి పెట్టింది. ఇరవై రెండేళ్లుగా వైద్యశాస్త్రమంతా ఆవిడ చేతుల మీదుగానే వెళ్లింది, ఒక్క వాక్యమైనా లోపలికి దిగకుండా. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వుతుంది. కోపం వస్తే మాత్రం అరవదు, తిట్టదు, సూది తీసుకుని దారం గట్టిగా లాగుతుంది. ఆవిడకు కోపం వచ్చిన రోజు కుట్టిన పుస్తకాలు ఏనుగులు లాగినా ఊడవు. ఆ లైబ్రరీలో ఊడని పుస్తకాలు చాలానే ఉన్నాయి.

కోపానికి మొదటి కారణం గాజు బీరువా. లైబ్రరీలోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఉంటుంది. పిల్లల పరీక్ష మొత్తం ఏ పుస్తకం మీద నడుస్తుందో ఆ పుస్తకం, కొత్త ముద్రణ, అందులో ఒకే ఒక్కటి ఉంటుంది. దాని బీగం చెవి లైబ్రేరియన్ నడుముకు ఉంటుంది. ఆయన్ని అందరూ తాళాల సారు అంటారు. ఆయన నడిచి వస్తుంటే గుర్రబ్బండి వస్తున్నట్టు చప్పుడవుతుంది. ఎవరైనా ఆ పుస్తకం చూడాలంటే అర్జీ రాయాలి, దాని మీద ప్రిన్సిపల్ మేడమ్ సంతకం పడాలి, అప్పుడు ఆయన పక్కన నిలబడి అరగంట చదువుకోవచ్చు. నిలబడే. చదువుకునే హాలును పరీక్షల విభాగానికి ఇచ్చేసి మూడేళ్లయింది, కుర్చీలు అటే వెళ్లిపోయాయి.

తాళాల సారు దుర్మార్గుడేం కాదు. ఆయన కంటే ముందున్న లైబ్రేరియన్ రిటైరయిన రోజు పదకొండు పుస్తకాలు తక్కువ తేలాయి. ఆయన పింఛను మూడేళ్లు ఆగింది. ఆ మూడేళ్లూ ప్రతి సోమవారం ఆయన చేతిసంచీతో వచ్చి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోవడం తాళాల సారు కళ్లారా చూశాడు. పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలో కోత పడుతుంది. పుస్తకాన్ని ఎవరూ చదవకపోతే ఎవరి జీతంలోనూ కోత పడదు. ఈ మాత్రం అర్థం చేసుకోవడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు, ఆయనకు రెండున్నాయి.

రెండో కారణం దానం పెట్టెలు. ఏడాదికోసారి ఎక్కడో దూరదేశం నుంచి ఓడ మీద చెక్కపెట్టెలు దిగేవి. ప్రిన్సిపల్ మేడమ్ పెట్టెల పక్కన నిలబడి ఫోటో దిగేది. ఫోటో అయ్యాక పెట్టెలు బైండరమ్మ గదికి వచ్చేవి. మూత తీస్తే లోపల ఆ దేశంలో ఏ లైబ్రరీ వద్దన్న సరుకంతా ఉండేది. మంచులో కారు నడిపే పద్ధతి మీద ఒకే పుస్తకం, నలభై కాపీలు. ఆ ఊళ్లో మంచు పడటం ఆవిడ ముత్తవ్వ కూడా ఎరగదు. రెండో భాగం లేని మొదటి భాగాలు, ఏ భాగమో తెలియని మధ్య భాగాలు. వాటి నడుమ ఇరవై పాతికేళ్ల కిందటి నర్సింగ్ పుస్తకాలు, అట్టలూడి, చెమ్మ పట్టి. వాటికి మాత్రం బీగం లేదు. ఎంతమందైనా తీసుకెళ్లవచ్చు, ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు. బైండరమ్మ వాటిని విప్పి, చిరిగిన కాగితాలు తీసేసి, ఫారాలు మళ్లీ కుట్టి, ఎర్ర క్యాలికో వేసి, వీపు మీద బంగారు రంగు అక్షరాలు దిద్ది పంపేది. కొత్త పెళ్లికూతుళ్లలా బయటికి వెళ్లేవి.

ఆ పెళ్లికూతుళ్లలో ఒకటి ఆవిడ కొంపే ముంచింది.

ఆవిడ అన్న కూతురు ఆ కాలేజీలోనే చదువుతోంది. అన్నయ్య లారీ మీద తిరిగే మనిషి, వదిన కుట్టుమిషను మీద బతుకు లాగుతుంది. పిల్లను ఇక్కడ చేర్పించింది బైండరమ్మే, నేను చూసుకుంటాను అని మాటిచ్చింది కూడా ఆవిడే. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి, నడుం వంచి లోపలికి దూరి, అట్టల కట్ట మీద కూలబడింది.

"పోయింది అత్తా."

"ఏం పోయిందే?"

"పరీక్ష. రాసిందీ పోయింది, చేసి చూపించేదీ పోయింది."

బైండరమ్మ దారం కొస పళ్లతో తెంపి సూది పక్కన పెట్టింది. "నువ్వా? రాత్రింబగళ్లు ఆ పుస్తకంలో తల దూర్చుకునే కూర్చున్నావు కదా."

"అందుకే పోయింది. ఆగిపోయిన గుండెను ఎలా నొక్కాలో బొమ్మ మీద చేసి చూపించమన్నారు. పదిహేనుసార్లు నొక్కి రెండుసార్లు ఊపిరి ఊదాను. పరీక్ష పెట్టిన మేడమ్ నవ్వింది. ఏ మ్యూజియంలో చదివావమ్మా అంది."

"అదేంటి, తప్పా?"

"ముప్పై నొక్కాలంట. మార్చి చాలా ఏళ్లయిందంట. పుస్తకంలో అలాగే ఉంది మేడమ్ అన్నాను. నీ పుస్తకంలో ఉన్న పేషెంటు పోయి ఇరవై ఏళ్లయింది, పక్కకు జరుగు అంది. వెనకాల అందరూ నవ్వారు అత్తా."

సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర క్యాలికో, బంగారు అక్షరాలు. బైండరమ్మ దాన్ని తెరవనక్కర్లేదు, వీపు మీద వేలు పెడితే చాలు, ఎవరి కుట్టో తెలిసిపోతుంది. మొదటి కాగితం కోసం చూసింది. లేదు. ముద్రణ సంవత్సరం ఉండే కాగితం అదే. సగం చిరిగి చెమ్మ పట్టి ఉంటే తనే తీసి చెత్తబుట్టలో వేసింది. ఇంత ముసలి పుస్తకానికి ఇంత పడుచు వేషం వేసి తన చేత్తోనే పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వు కట్టిన అట్ట చూసి కొత్తదనుకున్నాను," అంది మేనకోడలు, తప్పు తనదే అయినట్టు.

బైండరమ్మ జిగురు అడుగంటిన వాసన వచ్చినా లేవలేదు.

"ఇంకోసారి రాయవచ్చు కదే."

"ఒక్కసారే. నలభై రోజుల్లో ఉంది. అది కూడా పోతే పేరు కొట్టేస్తారు, హాస్టలు గది ఖాళీ చేయాలి. నేనొక్కదాన్నే కాదు, మా బ్యాచ్‌లో తొంభై మందిమి పోయాం. అందరం ఈ ఎర్ర పుస్తకాలే చదివాం."

"కొత్తది కొందాం. ఎంతైతే అంతవుతుంది."

పిల్ల ధర చెప్పింది. అది హాస్టల్లో ఆరు నెలల తిండి. బైండరమ్మ మళ్లీ చెప్పమంది, తను విన్నది తప్పేమోనని. తప్పు కాదు.

"ఫోన్లో వస్తాయంటారు కదా పుస్తకాలు."

"వస్తాయి. ఇదిగో." ఫోను చూపించింది.

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో, నువ్వే చదువు."

"'ఈ పుస్తకం మీ దేశంలో అందుబాటులో లేదు' అంట."

"జబ్బులు అందుబాటులో ఉన్నాయా లేవా, అడుగు వాణ్ని."

జిరాక్సు మాట ఇద్దరూ ఎత్తలేదు. గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు అతన్ని కిందటేడు పుస్తకాల కంపెనీవాళ్లు పోలీసులతో వచ్చి పట్టించారు. మిషన్లు రెండూ ఆటోలో వేసుకుని పోయారు. తిరిగి వచ్చాక అతను గుర్తింపు కార్డులు తప్ప ఇంకేం తీయడం లేదు. లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని ఎవరైనా అటు నడిస్తే సగం షట్టరు దించేస్తాడు.

మర్నాడు బైండరమ్మ గాజు బీరువా ముందు నిలబడింది.

"సారూ, ఆ పుస్తకం నలభై రోజులు పిల్లలకు వదిలేయకూడదా?"

తాళాల సారు అదిరిపడ్డాడు. "ఏం మాటలమ్మా అవి. ఒక్క కాపీ. ఏదైనా అయితే నా గతేంటి?"

"చదివితే ఏమవుతుంది సారూ, అక్షరాలు అరిగిపోతాయా?"

"నువ్వు బైండింగు చూసుకో."

ఆ మాట అని ఆయన పెద్ద పొరపాటు చేశాడు. ఆవిడ సరిగ్గా బైండింగే చూసింది. బీరువాలోని పుస్తకం బయటికి రావడానికి ఆ కాలేజీలో అర్జీ, సంతకం లేని దారి ఒకటుంది. పుస్తకం వీపు ఊడాలి. ఊడితే తాళాల సారు పచ్చకాగితం మీద 'బైండింగుకు' అని రాసి పంపుతాడు. ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో ఆ కాగితం మీద ఉండదు. ఇరవై రెండేళ్లలో ఎవరికీ ఆ గడి గీయాలని తోచలేదు.

"సరే సారూ, బైండింగే చూస్తాను. తీయండి, దాని జిగురు వదిలినట్టుంది. ఇక్కణ్నుంచే తెలుస్తోంది."

ఆయన భయంభయంగా తీసి ఇచ్చాడు. ఆవిడ రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి ఒక్క విరుపు విరిచింది. ఆ చప్పుడుకు పై అంతస్తులో క్లాసు చెబుతున్న మేడమ్ సుద్దముక్క జారవిడిచిందంటారు. ఆవిడ ముట్టుకోనేలేదు, ఉరిమి చూస్తే వీపు దానంతటదే పగిలిందని కూడా అంటారు. ఏదైతేనేం, తాళాల సారు పచ్చకాగితం రాశాడు.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టింది. ఆవిడ తలుపు గొళ్లెం పెట్టి కత్తికి పదును పట్టింది. అంత మంచి పుస్తకాన్ని ఆవిడ అప్పటి దాకా కోసి ఎరగదు. పదహారు పేజీల ఫారాలు, గట్టి దారం, నున్నటి కాగితం. కోస్తున్నంతసేపూ ఆవిడ పళ్లు కరుచుకునే ఉంది. కోపం ఆ పుస్తకం మీద కాదు. దానికి ఆ ధర పెట్టినవాడి మీద, పాత చెత్తకు దానం అని పేరు పెట్టి ఓడెక్కించినవాడి మీద, పెట్టెల పక్కన నవ్వుతూ ఫోటో దిగినవాళ్ల మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ చెత్తకు క్యాలికో తొడిగిన తన నీలం వేళ్ల మీద.

అధ్యాయాలు ఇరవై ఆరు, ముందున్న విషయసూచిక ఒకటి. ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడదీసి, పక్క కుట్టు వేసి, పల్చటి అట్ట అంటించింది. చిక్కల్లా తొమ్మిది కాగితాల దగ్గర వచ్చింది. కాగితానికి ఒకవైపు ఒక అధ్యాయం చివర, రెండోవైపు ఇంకో అధ్యాయం మొదలు. ఏ ముక్కలో పెట్టినా రెండోది కుంటిదవుతుంది. మేనకోడలు ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చి ఆ తొమ్మిది పేజీలూ చేత్తో ఎత్తి రాసింది, బొమ్మలతో సహా. ఆ కాగితాలు ఆవిడ లోపల కుట్టేసింది.

మర్నాటి నుంచి కాలేజీలో ఒక కొత్త రకం రాకపోకలు మొదలయ్యాయి. పొద్దున బెల్లుకు ఒక్కో ముక్క ముగ్గురు నలుగురు అమ్మాయిలకు. సాయంత్రం బెల్లుకు పక్క ముఠాకు. మెట్ల మీద, నీళ్ల ట్యాంకు నీడన, వార్డులో డ్యూటీ అయ్యాక బట్టల గదిలో, ఎక్కడ చూసినా నాలుగు తలలు ఒక పల్చటి పుస్తకం మీద వాలి ఉండేవి. ఎక్కువమంది అడిగేది గుండె ఆగినప్పటి ముక్క. దాని అట్ట నాలుగుసార్లు మార్చాల్సి వచ్చింది. ఒక్కటీ పోలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ లైబ్రరీలో ఏ పుస్తకమూ అన్ని చేతులు మారలేదు, అయినా ఒక్క కాగితమైనా పోలేదు.

ముప్పై ఒకటో రోజు తాళాల సారు బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న అమ్మాయి చేతిలో పద్నాలుగో అధ్యాయం కనబడింది. మొదటి పేజీ మీద ఆయన చేత్తో కొట్టిన ముద్రే ఉంది, 'ఇక్కడే చదవవలెను' అని. ఆయన బస్సెక్కలేదు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు.

రెండు రోజుల్లో విచారణ వచ్చింది. ప్రిన్సిపల్ మేడమ్, తాళాల సారు, పెద్దాఫీసు నుంచి సఫారీ తొడుక్కున్న ఒక ఆయన, ముగ్గురూ మెట్ల కింద గదిలోకి వచ్చి నడుములు వంచి నిలబడ్డారు. బైండరమ్మ కూర్చునే ఉంది.

"ఇది నువ్వే చేశావా?" అంది మేడమ్.

"నేనే చేశాను మేడమ్. ఇంత తిన్నని కుట్టు ఇంకెవరికి వస్తుంది?"

"కాలేజీ ఆస్తిని ముక్కలు చేశావు. సిగ్గనిపించలేదా?"

"అనిపించింది. ఎర్ర అట్ట వేసి పాత పుస్తకం పిల్లలకు అంటగట్టినందుకు. ఇందుకు కాదు."

సఫారీ ఆయన చేతిలో ఒక ఫారం ఉంది. నడుం నొప్పెడుతోందని మొహంలోనే తెలుస్తోంది. "అవన్నీ తర్వాత. పుస్తకం ఉందా, పోయిందా? నాకు రెండే గడులున్నాయి."

"ఉంది సార్," అన్నాడు తాళాల సారు. తర్వాత, "కానీ ఒక్కటిగా లేదు," అన్నాడు.

"అంటే?"

"ఇరవై ఏడు ఉన్నాయి సార్."

"నా ఫారంలో ఇరవై ఏడుకి గడి లేదయ్యా."

ఆయన కాసేపు పెన్ను కొరికి 'పోయినది' అన్న గడిలో టిక్కు పెట్టాడు. పోయిన పుస్తకానికి ఏం చేయాలో రూలులో రాసే ఉంది. వెల రాబట్టాలి, రిజిస్టర్లో నంబరు కొట్టేయాలి. పుస్తకం చివరిసారి ఎవరి చేతిలో ఉందో పచ్చకాగితం చెబుతోంది. కోత బైండరమ్మ జీతంలో, నాలుగు నెలలు.

"ఆ ముక్కలన్నీ ఇవాళే ఇచ్చేయాలి, బీరువాలో పెట్టి సీలు వేద్దాం," అంది మేడమ్.

పరీక్షకు అప్పటికి ఇంకా ఏడు రోజులుంది. గుమ్మం బయట మేనకోడలు, దాని వెనక మెట్ల నిండా అమ్మాయిలు నిలబడ్డారు. బైండరమ్మ సూది పక్కన పెట్టింది.

"డబ్బు కడితే నాకు రశీదు ఇస్తారా?"

"ఇస్తాం. దేనికి?"

"పుస్తకం పోయిందని మీరే రాశారు. వెల నా దగ్గర తీసుకుంటున్నారు. ఇంకా మీకు ఏ ముక్కలు కావాలి మేడమ్? నా పుస్తకాన్ని మీ బీరువాలో పెట్టుకుని సీలు వేస్తే, దాన్నేమంటారో ఆ సార్ ఫారంలో చూడమనండి."

మేడమ్ మొహం కందిపోయింది. "చూశారా ఆ నోరు," అంది సఫారీ ఆయనతో. ఆయన తాళాల సారు వైపు తిరిగాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు.

తాళాల సారు ధైర్యవంతుడని ఆ కాలేజీలో ఎంత పెద్ద అబద్ధాలకోరు కూడా చెప్పడు. ఆ రోజు ఆయన చేత మాట్లాడించింది భయమే. "ఆవిడ చెప్పింది రూలే సార్," అన్నాడు. "నంబరు కొట్టేసిన పుస్తకం బీరువాలో కనబడితే, రేపు తనిఖీలో నేను సమాధానం చెప్పలేను. ఆ ముక్కలు నా లైబ్రరీలోకి రానివ్వను సార్. దయచేసి."

సఫారీ ఆయనకు ఇంక నడుం ఆగలేదు. సంతకం పెట్టి బయటపడ్డాడు.

ఆ ఏడు రోజులూ బీగం లేదు, ముద్ర లేదు, దాచుకోవడం లేదు. పరీక్షకు కూర్చున్న తొంభై మందిలో ఎనభై రెండు మంది గట్టెక్కారు. మేనకోడలు బొత్తిగా అంచు మీద గట్టెక్కింది, కానీ బొమ్మ ముందు ముప్పైసార్లు నొక్కింది, ముప్పై ఒకటోసారి నొక్కబోతే, మొదటిసారి నవ్విన పరీక్ష మేడమే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చిందట. మిగతా ఎనిమిది మంది ట్రంకుపెట్టెలు ఆటోల్లో ఎక్కుతుంటే బైండరమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. వాళ్లలో ఒకమ్మాయి జ్వరంతో పడి పది రోజులు ఒక్క ముక్క కూడా చదవలేదు. పోయే ముందు తన దగ్గరున్న ఆరో అధ్యాయం తెచ్చి, నలగని అట్టతో చేతికిచ్చి వెళ్లింది.

ఆ ఏడాది వార్షిక నివేదికలో 'మన గ్రంథాలయ కృషి వల్ల మెరుగైన ఫలితాలు' అని పడింది. ఆవిడ జీతంలో కోసిన డబ్బుతో కొత్త పుస్తకం కొన్నారు. ఒకటి. దాన్ని గాజు బీరువాలో పెట్టారు. పచ్చకాగితం మీద తిరిగి రావాల్సిన తేదీకి ఇప్పుడు గడి గీశారు. కొత్త చెక్కపెట్టెలు దిగాయి, ఫోటో అయింది. ఈసారి ఆవిడ ప్రతి పాత పుస్తకం మొదటి పేజీ మీద ముద్రించిన ఏడాదిని అరచేయంత అంకెల్లో రాసి, ఏడాది తెలియని వాటిని నేరుగా చిత్తుకాగితాల కింద కట్టేసింది. ఎవరూ అడగలేదు.

మొన్న కొత్త బ్యాచ్ అమ్మాయి ఒకతె ఆ గది గుమ్మంలో వంగి నిలబడి, తన స్నేహితురాలికి కథంతా ఆవిడ ఎదురుగానే చెప్పింది. కమిటీ కళ్లముందే ఒక్క వేటుకు పుస్తకాన్ని ఇరవై ఏడు చేసిందనీ, సఫారీ ఆయన భయపడి పారిపోయాడనీ, తొంభై మంది బతుకులు నిలబెట్టిన దేవత అనీ. బైండరమ్మ కుడుతున్న పుస్తకం మీంచి తలెత్తలేదు. దారం గట్టిగా లాగి ముడి వేసింది.

"ఒక్క వేటు కాదు, ఒక పూటంతా పట్టింది. తొంభై కాదు, ఎనభై రెండు. దేవతా లేదు ఏమీ లేదు, పుస్తకాలు కొని ఉంటే నేను దాన్ని కోసేదాన్నే కాదు."